ఎన్‌లార్జరును తిప్పి పంపే ముందు కాగితాన్ని అనుమానించండి

పాలకొల్లు దగ్గర ఒక ఊరి నుంచి 31 ఏళ్ల పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆమె ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. అత్తమామలు, భర్త, నాలుగేళ్ల బాబుతో కలిసి ఉంటున్నారు. వాళ్ల తాతగారు యాషికా కెమెరాతో తీసిన నెగటివులు పుట్టింటి అటక మీద ట్రంకు పెట్టెలో దొరికాయి. ఊరి పెళ్లిళ్లు, తీర్థాలు, 1986 వరదలో పెంకుటిళ్ల కప్పులెక్కి కూర్చున్న జనం, ఇలా చాలా ఉన్నాయట. వాటిని తన చేత్తో ప్రింటు వేసుకోవాలని ఆమె కోరిక. నరసాపురంలో స్టూడియో మూసేసిన తండ్రి స్నేహితుడు, ఆమె బాబాయి అని పిలిచే ఆయన, నెగటివు బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే పాత ఎన్‌లార్జరుతో పాటు 50 మిల్లీమీటర్ల లెన్సు, మూడు ట్రేలు, ఎర్ర రంగు పూసిన బల్బు, సగం వాడిన ‘ఇందు’ పేపరు పాకెట్టు కలిపి 7,000 రూపాయలకు ఇచ్చారు. ఆమె భర్తకు మాత్రం 3,000 అని చెప్పారు.

బాత్రూంలో రాత్రిపూట ఎంత ప్రయత్నించినా సరైన ప్రింటు ఒక్కటీ రాలేదు. కింద పడే బొమ్మ నడిమధ్యన వెలుగుగా, మూలల్లో చీకటిగా ఉంటోంది. కాగితం మొత్తం బూడిద రంగుకు తిరుగుతోంది, తెల్ల పంచె కూడా తెల్లగా రావడం లేదు. కాగితం మీద బొమ్మను తేల్చే మందు, డెవలపర్, గంటలోనే టీ రంగుకు మారుతోంది. మిషను పట్టుకుంటే ఒకటి రెండుసార్లు చెయ్యి జిల్లుమంది. అత్తగారు పిల్లాడు తిరిగే ఇంట్లో ఈ మందులేమిటని గొడవ పడుతున్నారు. భర్త అది అమ్మేసి, నెగటివులు స్కాన్ చేయించుకోమంటున్నారు. ‘బాబాయి నన్ను మోసం చేశారా? మిషను తిరిగి ఇచ్చేయాలా? అసలు ఇది నావల్ల అయ్యే పనేనా?’ అని అడుగుతున్నారు.

సమాధానం:

జరిగింది జరిగినట్టు వరసగా రాశారు కాబట్టి ఇంత దూరం నుంచైనా చెప్పగలుగుతున్నాను. మీరు రాసినదాన్ని బట్టి ఎన్‌లార్జరు పాడైపోలేదు. మీకు వచ్చినవి నాలుగు వేర్వేరు చిక్కులు. మూలల చీకటికీ కాగితం బూడిద రంగుకీ సంబంధం లేదు. డెవలపర్ రంగు మారడం మరో సంగతి, చెయ్యి జిల్లుమనడం ఇంకో సంగతి. అన్నీ ఒకే రాత్రి, ఒకే గదిలో కనిపించేసరికి మిషనే చెడ్డదని మనసుకు పట్టేసింది. ఒక్కోదాన్ని విడిగా పెట్టి చూస్తే ఏదీ పెద్దది కాదు.

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి. అది తేలేదాకా మిషను ప్లగ్గు పెట్టకండి. పాత ఎన్‌లార్జర్ల ఒళ్లంతా ఇనుము, లోపలి వైరు మీది తొడుగు ఏళ్ల తరబడి బల్బు వేడికి పెళుసెక్కి పగిలిపోతుంది. తడి చేతులతో, తడి నేల మీద చేసే పని ఇది. మీ ఊరి ఎలక్ట్రీషియన్ని పిలిచి వైరు, హోల్డరు రెండూ మార్పించండి. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి, ఎర్తు వైరును మిషను ఒంటికి బిగించమనండి. ఇంట్లో ఎర్తు నిజంగా పనిచేస్తోందో లేదో కూడా చూడమనండి, చాలా పాత ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది కానీ దానికి వైరు ఉండదు. ఎన్‌లార్జరు, స్విచ్చి ఒకవైపు, ట్రేలు రెండోవైపు ఉండాలి. చెయ్యి తుడుచుకోకుండా ఇటు రాకూడదు.

ఇక బూడిద రంగు. దీనికి దోషులు ముగ్గురిలో ఒకరు: కాగితం, ఎర్ర బల్బు, గదిలోకి వచ్చే వెలుతురు. ఎవరో తేల్చడానికి ఎన్‌లార్జరు అక్కర్లేదు. రాత్రి ఇంట్లో లైట్లన్నీ, గదిలో ఎర్ర బల్బు కూడా ఆర్పేసి, కటిక చీకట్లో, పాకెట్టు మధ్యలోంచి ఒక కాగితం తీసి రెండు ముక్కలు చేయండి. ఒక ముక్కని నేరుగా హైపోలో, అంటే బొమ్మను కాగితం మీద నిలిపే మందులో వేయండి. రెండోదాన్ని డెవలపర్లో రెండు నిమిషాలు ఉంచి, తర్వాత హైపోలో వేయండి. కాసేపాగి లైటు వేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ఎలాగూ తెల్లగానే ఉంటుంది. రెండోది కూడా అంత తెల్లగా ఉంటే కాగితం మంచిదే, తప్పు బల్బుదో గదిదో. రెండోది బూడిద రంగులో ఉంటే కాగితం పని అయిపోయినట్టే.

నా అనుమానం కాగితం మీదే. ఇందు పేపరు ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌ది. ఒకప్పుడు మంచి పేపరే, కానీ ఆ ఫ్యాక్టరీ ఆగిపోయి చాలా కాలమైంది. మీ పాకెట్టు నరసాపురం ఉప్పుగాలిలో, మూసేసిన స్టూడియోలో ఎన్ని వేసవులు గడిపిందో. ఎండ తగలకపోయినా వేడి, చెమ్మ కాగితాన్ని పాడుచేస్తాయి. డెవలపర్లో చిటికెడు పొటాషియం బ్రోమైడ్ వేస్తే ఈ బూడిద కొంత తగ్గుతుంది, కానీ నేర్చుకునేవాళ్లు దాంతో కుస్తీ పట్టకూడదు. ఏది మీ తప్పో, ఏది కాగితం తప్పో మీకెప్పటికీ తెలియదు. చిన్న సైజులో కొత్త ఆర్‌సీ పేపరు పాకెట్టు ఒకటి కొనండి. ఆర్‌సీ అంటే ప్లాస్టిక్ పూత ఉన్నది. ఇది నిమిషం, నిమిషంన్నరలో డెవలప్ అవుతుంది, రెండు నిమిషాలు పారే నీళ్లలో కడిగితే చాలు. పాతకాలపు ఫైబర్ పేపరుకైతే దాదాపు గంట కడగాలి. నీళ్లు బిందెలతో పట్టుకునే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

పాత పాకెట్టును పారేయకండి. ఆ కాగితం మీద వేపాకులో, ఫెర్న్ ఆకో పెట్టి, పైన అద్దం పలక ఉంచి, ఎండలో అరగంట వదిలేస్తే డెవలపర్ లేకుండానే ఆకు అచ్చు గులాబీ, గోధుమ రంగుల్లో పడుతుంది. మీ బాబు చేత ఆకులు పెట్టించండి. హైపోలో ముంచే పని మాత్రం మీరే చేయండి.

ఎర్ర బల్బు గురించి. రంగు పూసిన బల్బుల మీద రంగు సన్నగా బీటలు వారి, ఆ బీటల్లోంచి తెల్ల వెలుతురు వస్తుంది. కంటికి ఆనదు, కాగితానికి ఆనుతుంది. దాన్ని పక్కన పెట్టి, నిజంగా ఎర్రటి కాంతినిచ్చే చిన్న ఎల్ఈడీ జీరో బల్బు తెచ్చుకోండి. ఏ బల్బయినా పరీక్ష ఒకటే. కొత్త కాగితం ముక్కకు ఎన్‌లార్జరు కింద, లేత బూడిద రంగు వచ్చేంత వెలుతురు చూపించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, ఎర్ర బల్బు కింద ఐదు నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. బిళ్ల ఆకారం గుండ్రంగా లేతగా కనబడితే ఆ బల్బు పనికిరాదు, లేదా ఇంకా దూరంగా పెట్టాలి. ముందు కాస్త వెలుతురు చూపించమన్నది ఎందుకంటే, అసలు వెలుతురు తగలని కాగితం చిన్న తప్పును దాచేస్తుంది.

గది చీకటి సంగతి తేలిక. తలుపు వేసుకుని పది నిమిషాలు ఊరికే కూర్చోండి. కళ్లు అలవాటు పడ్డాక తలుపు కింద, వెంటిలేటర్లో, గీజర్ లైటు దగ్గర ఎక్కడెక్కడ వెలుతురు ఉందో అదే చెబుతుంది. సెల్‌ఫోను లోపలికి తేకండి. సెకన్లు లెక్కపెట్టడానికి కావాలనుకుంటే టిక్కుటిక్కుమనే శబ్దం పెట్టి, గుడ్డసంచిలో వేసి బోర్లించండి.

ఇప్పుడు మూలల చీకటి. మీ తాతగారి నెగటివులు చతురస్రంగా, రెండుంబావు అంగుళాలు ఉన్నాయని రాశారు. అవి 120 ఫిల్ము మీద తీసినవి. మీకిచ్చిన 50 మిల్లీమీటర్ల లెన్సు చిన్న 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు సరిపోయేది. చతురస్రపు నెగటివు మూలల దాకా వెలుతురు పట్టాలంటే 75 లేదా 80 లెన్సు ఉండాలి. నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. నల్ల అట్టలో 35 ఫిల్ము నెగటివు అంత, అంటే 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు కిటికీ కోసి, నెగటివు పెట్టే చోట పెట్టండి. లెన్సు రంధ్రం మార్చే రింగును ఎఫ్8 అంకె దగ్గర ఉంచి కింద తెల్ల కాగితం మీద వెలుతురు చూడండి. మూల నుంచి మూలకు సమంగా ఉంటే మిషను బాగానే ఉంది, లెన్సే చాలడం లేదు. అప్పుడూ నడుమ వెలుగు, అంచుల్లో చీకటి ఉంటే బల్బును అనుమానించాలి. మీరు మామూలు ఇంటి ఎల్ఈడీ బల్బు పెట్టారు కదా, దాన్ని హోల్డరుతో పాటు కొంచెం పైకీ కిందకీ జరిపి చూడండి. అసలు వాడాల్సింది పాలరంగు గాజు ఉన్న, ముందు వైపు అక్షరాలు లేని ఓపల్ బల్బు. పైన అచ్చువేసిన అక్షరాలు ఉంటే బల్బు కింద వెలుతురును పోగుచేసే కటకం, కండెన్సరు, వాటినీ కాగితం మీదికి పంపిస్తుంది.

ఇక్కడే మీ బాబాయి మాట వస్తుంది. ఆయన స్టూడియోలో ఒకప్పుడు పెళ్లిళ్లకు 120 ఫిల్మే వాడి ఉంటారు. ఆ ఎన్‌లార్జరు చతురస్రపు నెగటివును పట్టుకుంటోందంటే, ఎప్పుడో దానికి 75, 80 లాంటి పొడుగు లెన్సు కూడా ఉండే ఉండాలి. తర్వాతి రోజుల్లో పాస్‌పోర్టు ఫోటోలకు 35 ఫిల్ము వాడి, 50 లెన్సు బిగించి అలాగే వదిలేసి ఉంటారు. ఆయన ఆఖరిసారి వాడినప్పుడు అది చక్కగా పనిచేసి ఉంటుంది. అందుకే బాగుందని చెప్పారు. ఇందులో మోసం నాకు కనబడలేదు.

మీకు మూడు దారులున్నాయి. తిరిగి ఇచ్చేయొచ్చు. డబ్బు రావచ్చు, కానీ మీ నాన్నగారి స్నేహం మధ్యలో ఉంది, ఆయనకు ఆ మాట చాలాకాలం గుచ్చుకుంటుంది. ఏమీ అడక్కుండా లెన్సు మీరే కొనుక్కోవచ్చు. ఎల్-నిక్కోర్ 80 లాంటివి సెకండ్‌హ్యాండులో దొరుకుతాయి. చాలావాటికి 39 మిల్లీమీటర్ల మర ఉంటుంది, మీ మిషనుకు అదే మర ఉందో లేదో కొలుచుకోవాలి. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల సాలెగూడులా తీగలు కనబడితే అది బూజు, తీసుకోకండి. మన గాలికి ఆ బూజు లెన్సుల్ని తొందరగా పట్టుకుంటుంది. ఈ దారిలో గొడవ లేదు గానీ, ఆయన బీరువాలో పడి ఉన్నదాన్నే మీరు మళ్లీ డబ్బు పెట్టి కొనే అవకాశం ఉంది.

మూడో దారి ఆయన్నే అడగడం. ‘బాబాయ్, వెలుతురు మూలలకు రావట్లేదు, మన పెద్ద లెన్సు ఎక్కడైనా ఉందేమో చూస్తారా? ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి ఒక్క ప్రింటు వేసి చూపిస్తారా?’ అనండి. ఇందులో ఫిర్యాదు లేదు. అన్నేళ్లు చీకటి గదిలో పనిచేసిన మనిషిని పని అడిగి ఎవరూ పిలవని రోజులివి. దీనికీ ఇబ్బంది లేకపోలేదు. వచ్చాక అంతా ఆయనే చేసేయవచ్చు, మీరు పక్కన నిలబడిపోవచ్చు. మొదటి ప్రింటు ఆయన, రెండోది మీరు, ఆయన చేతులు కట్టుకుని చూడాలి అని ముందే నవ్వుతూ చెప్పేయండి. నేనైతే ఈ దారే పడతాను.

లెన్సు దొరికేదాకా ఊరుకోవాల్సిన పని లేదు. చతురస్రపు నెగటివులకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. వాటిని కాగితం మీద నేరుగా పరిచి, పైన శుభ్రమైన అద్దం పలక పెట్టి, ఎన్‌లార్జరును ఊరికే దీపంలా వాడుకుని కాంటాక్టు ప్రింటు వేసుకోవచ్చు. ఒక ఎనిమిదింటికి పది కాగితం మీద పన్నెండు బొమ్మలు పడతాయి. నెగటివు మెరుపు లేని వైపు కాగితాన్ని తాకాలి. ముందు ఒక సన్నని ముక్క మీద ఎఫ్8 దగ్గర, అట్టతో మూసి జరుపుకుంటూ ఐదు, పది, పదిహేను, ఇరవై సెకన్లు చూపించి డెవలప్ చేయండి. నాలుగు చారల్లో ఏది బాగుందో తెల్ల లైటులో చూసి, ఆ సెకన్లతో మొత్తం షీటు వేయండి. ఏ నెగటివు పెద్దది చేయడానికి పనికొస్తుందో దీంతోనే తెలిసిపోతుంది. రెండుంబావు అంగుళాల బొమ్మలోనూ ముఖాలు గుర్తుపట్టొచ్చు.

డెవలపర్ టీ రంగు అవడానికి మన వేడి, మన నీళ్లు, గాలి, మూడూ కారణమే. పుస్తకాల్లో 20 డిగ్రీలు అని రాస్తారు. వేసవిలో మన బాత్రూంలో నీళ్లు 30 దాటి ఉంటాయి. ప్రింట్లకు 24, 25 దాకా ఫర్వాలేదు. డెవలపర్ ట్రేను పెద్ద బేసిన్లో నీళ్ల మధ్య ఉంచి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు ఆ బయటి నీళ్లలో వేయండి. ఐసు ముక్కలు ట్రేలో వేస్తే మందు పల్చబడిపోతుంది. రొయ్యల పుణ్యమా అని మన దగ్గర ఐసుకు కొదవ లేదు కదా. మందు కలపడానికి బోరు నీళ్లు, కాలవ నీళ్లు వద్దు, క్యాన్ నీళ్లు వాడండి. ఉప్పు, ఇనుము ఉన్న నీళ్లలో డెవలపర్ మడ్డి కడుతుంది. ట్రేలో పోసింది ఆ రాత్రికే, మిగిలింది నిండుగా పోసి బిగించిన సీసాలో ఉంచండి. కొత్త పేపరు ఫ్రిజ్‌లో పెడితే మంచిదే, కానీ వాడే ముందు కవరు విప్పకుండా బయట పెట్టి గది వేడికి రానివ్వాలి. లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. ఇంత తంటా ఎందుకనుకుంటే ధనుర్మాసం దాకా ఆగొచ్చు. ఆ రాత్రుళ్లు నీళ్లు వాటంతటవే చల్లగా ఉంటాయి. నష్టమల్లా అప్పటిదాకా ఉత్సాహం నిలుస్తుందా అన్నదే.

మీ అత్తగారి మాట ఛాదస్తమని రాశారు. నేను ఒప్పుకోను. ఆవిడ భయపడుతున్నది సరైన సంగతికే. డెవలపర్లో ఉండే మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, హైడ్రోక్వినోన్ మింగితే విషం. నాలుగేళ్ల పిల్లాడికి సీసాలో ఉన్నది కూల్‌డ్రింకో మందో తెలియదు. అందుకని కూల్‌డ్రింకు సీసాలు అసలు వాడకండి, పేరు రాసిన సీసాలు తాళం వేసిన పెట్టెలో పెట్టండి, పొడి మందులు మాస్కు కట్టుకుని పెరట్లో కలపండి, గ్లౌజులు వేసుకోండి, వంటింటి గరిటె గానీ గిన్నె గానీ ఇందులోకి రానివ్వకండి. ఇవన్నీ చేశాక ఆవిడను పిలిచి చూపించండి. అప్పటికీ బాత్రూం వద్దంటే ఆవిడ మాటే వినండి. ఇంటి వెనక సామాన్ల గది ఉందన్నారు, అక్కడ నీళ్ల పంపు లేకపోయినా పని జరుగుతుంది. ప్రింట్లు బకెట్లో వేసి తెచ్చి బయట కడుక్కోవచ్చు. నరసాపురంలో బాబాయి పాత డార్క్‌రూం ఇంకా ఖాళీగా ఉంటే అదీ ఒక దారి. ఇంట్లో గొడవ ఉండదు, కాకపోతే రాత్రిపూట వెళ్లి రావడం మీకు కుదరాలి.

వాడేసిన హైపోను కాలవలోనో, మురుగులోనో, చెరువు గట్టునో పారబోయకండి. అందులో కరిగిన వెండి ఉంటుంది, అది నీళ్లలో బతికే జీవాలకు విషం. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న చోట ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒక డబ్బాలో పోగుచేసి ఉంచండి. పాత రోజుల్లో స్టూడియోల నుంచి వెండి కోసం హైపో కొనేవాళ్లుండేవారు, ఇప్పుడు ఎవరున్నారో బాబాయికే తెలియాలి.

మీవారితో డబ్బు మాట ఈ వారమే చెప్పేయండి. నాలుగువేలు పెద్ద దాపరికం కాదు గానీ, ఇప్పుడు కాగితం, వైరింగు, బహుశా లెన్సు ఖర్చు రాబోతోంది. ప్రతిదానికీ ఒక అబద్ధం కలపాల్సి వస్తే ఆ టెన్షన్ మీ ప్రింటు మీదే పడుతుంది. ఒక ఏడాదికి ఇంత అని ఇద్దరూ కలిసి ఒక అంకె అనుకోండి. ఆయన స్కాన్ చేయించమన్నది మిమ్మల్ని ఆపడానికి కాకపోవచ్చు, ఆ మాటలో మంచి ఉంది. మీరు కొత్తగా నేర్చుకుంటూ ఆ నెగటివుల్నే పదేపదే వేడి దీపం కింద పెట్టబోతున్నారు. ముందు అన్నీ ఒకసారి స్కాన్ చేయించి ఉంచుకుంటే గీత పడినా గుండె ఆగిపోదు. బూజు పట్టినవి ఉంటే తడిగుడ్డతో తుడవకండి, నెగటివు మీద బొమ్మ ఉండే జిలటిన్ పొరను బూజు తిన్నాక నీళ్లు తగిలితే అది కరిగి ఊడొస్తుంది. వెనిగర్ వాసన కొడుతున్న నెగటివులు మిగతావాటితో కలిపి ఉంచకండి, అవి అప్పుడే పాడవడం మొదలైనవి. స్కానింగులో వాటికి మొదటి వరస.

మీ వల్ల అవుతుందా అన్నారు. రెండు కాగితం ముక్కల పరీక్ష, రూపాయి బిళ్ల పరీక్ష, అట్ట కిటికీ పరీక్ష, వైరు మార్చాక ఈ మూడూ చేసి చూడండి. ఒక్కోదానికి కారణం తెలిశాక, కొత్త పేపరు మీద నాలుగైదు కాంటాక్టు షీట్లు వేశాక కూడా ఆ పని మీద ఇష్టం కలగకపోతే అప్పుడు అమ్మేయండి. వైరింగు సరిచేసి, పొడుగు లెన్సుతో సహా ఉన్న ఎన్‌లార్జరును కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే మాత్రం తుక్కు ధరే వస్తుంది.